పలకల గుంత కింద నీళ్లు

మార్కాపురం ఎందుకు వెళ్లావని అడిగినవాళ్లందరికీ చెన్నకేశవస్వామి దర్శనానికని చెప్పాను. అది అబద్ధం. స్వామికి గాలిగోపురం బయటినుంచే దణ్ణం పెట్టుకున్నాను, అదీ ఆటోలో కూర్చుని. నేను వెళ్లింది ఒక బోరు చూడటానికి. అరవై రెండేళ్ల ఆడమనిషి ఎండలు ముదురుతున్న రోజుల్లో బోరు చూడటానికి రైలెక్కిందంటే మా తెనాలిలో నవ్విపోతారు. మాకు ఇంటి వెనకే కాలువ. గునపంతో నాలుగు పోట్లు పొడిస్తే నీళ్లు పడే నేల మాది.

నేను ముప్పై నాలుగేళ్లు నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేశాను. ఏ ల్యాబో, ఏ ఊళ్లోనో మీకు అక్కర్లేదు. ఎక్కడెక్కడినుంచో సీసాలు వచ్చేవి. సీసా తెరవడం, పరీక్ష చేయడం, అంకె రాయడం, సంతకం పెట్టడం. సీసాలు చూశాను గాని, ఆ నీళ్లు పుట్టిన చోటు ఒక్కటీ చూసిన పాపాన పోలేదు.

రిటైరయ్యే వారంలో బల్ల సొరుగు ఖాళీ చేస్తుంటే అడుగున రెండు కాగితాలు దొరికాయి. నోటుబుక్కులోంచి చింపినవి. రెండింటిలోనూ ఒకే చేతిరాత. మా బోరు నీళ్లు వాసన కొడుతున్నాయి, పైనున్న పలకల గుంతలో చెత్త పోస్తున్నారు, మా పల్లె అంతా ఈ నీళ్లే తాగుతాం, పరీక్ష చేసి మంచివో కాదో చెప్పగలరు. కింద చెన్నమ్మ అని పేరు, ఊరు. ఆ రెండు కాగితాల నెత్తినా ఎర్ర పెన్నుతో ఇంకొకరి రాత ఉంది. సీసా పద్ధతి ప్రకారం లేనందున తిరస్కరించడమైనది అని. ఆ ఎర్ర రాత నాదే.

నాకు గుర్తొచ్చింది. మొదటిసారి కూల్‌డ్రింకు సీసాలో పంపింది. వెనక్కి పంపాను. ప్లాస్టిక్‌ది కాబట్టి వద్దన్నారనుకుంది కాబోలు, రెండోసారి గాజుసీసాలో పంపింది. అది బ్రాందీ సీసా. మూత తీస్తే ఇంకా ఘాటు పోలేదు. అదీ వెనక్కి పంపాను. మూడోది రాలేదు.

నేను చేసింది తప్పని అప్పుడు అనుకోలేదు. మురికి సీసాలో నీళ్లు పరీక్షిస్తే వచ్చే అంకె సీసాది అవుతుంది గాని బోరుది కాదు. కాకపోతే సీసా ఎలా కడగాలో, నీళ్లు ఎలా పట్టాలో రెండు ముక్కలు రాసి పంపి ఉండొచ్చు. రాయలేదు. అలా రాయమని పద్ధతిలో లేదు మరి. రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఆ రెండు కాగితాలు నన్ను ఊరికే ఉండనివ్వలేదు. ఆరు నెలలు చూసి, ఇక లాభం లేదని బయల్దేరాను.

మార్కాపురం రోడ్డు

గుంటూరులో నంద్యాల వైపు వెళ్లే రైలెక్కాను. వినుకొండ దాటేదాకా కిటికీ బయట మాకు తెలిసిన పచ్చదనమే. తర్వాత పచ్చదనం పలచబడి, ఎర్రనేల, కంచెలు, దూరంగా నల్లమల కొండలు. దొనకొండ దగ్గర ఎక్కిన ఒకావిడ నా పక్కన కూర్చుని, ఊరు పేరు అడక్కముందే సంచిలోంచి నీళ్ల సీసా తీసి తాగుతావా అంది. మా వైపు రైల్లో పక్కవాళ్లు పెట్టేది పల్లీలో, జామకాయో. నీళ్లు పెట్టడం నేనెక్కడా చూడలేదు. నా దగ్గరున్నాయని చెబితే, ఎండకాలం, ఉన్నా పనికొస్తాయిలే అని బలవంతం చేసింది.

స్టేషను పేరులో రోడ్డు ఉందంటే ఊరు దూరమని అర్థం చేసుకోవాలి. ఆటో ఎక్కి ఊళ్లోకి వెళ్లేసరికి ఒంటిగంట. భోజనం హోటల్లో కూర్చోగానే సర్వరు ముందు అడిగింది కూర గురించి కాదు. ప్లాంటు నీళ్లా, మామూలు నీళ్లా అని. మామూలు నీళ్లు తాగితే ఏమవుతుందని అడిగాను. అతను పళ్లు చూపించాడు. ముప్పై ఏళ్లు కూడా లేనివాడికి పళ్లన్నీ గోధుమరంగు చారలు. ఫ్లోరైడు అని నా నోటికి వచ్చింది. అతనికి ఆ మాట నాకంటే బాగా తెలుసు. ప్లాంటు నీళ్లే తెమ్మన్నాను. అన్నంలోకి గోంగూర, చెనిక్కాయల పొడి, కారం మాత్రం మా గుంటూరు కారాన్ని తలదన్నింది.

సాయంత్రం పలకల దుకాణానికి వెళ్లాను. మనం చిన్నప్పుడు అఆలు దిద్దిన పలకలన్నీ ఈ ఊరివే. ఇప్పుడు బడిపిల్లలకు పలకలు కొనేవాళ్లు తక్కువట. ఇళ్ల గోడలకు, గచ్చులకు అతికించే బండలే ఎక్కువ పోతాయట. దుకాణం శెట్టిగారు అయినా సరదాగా ఒక చెక్కఫ్రేము పలక చూపించి, దాని మీద గ్లాసుడు నీళ్లు పోశాడు.

"చుక్క ఇంకదు మేడం. ఏండ్ల తరబడి నీళ్లలో నానేసినా ఇంకదు," అన్నాడు.

నీళ్లన్నీ జారిపోయాయి. పైట చెంగుతో తుడిస్తే పొడిగా అయింది. నలభై రూపాయలిచ్చి కొనుక్కున్నాను. మనవరాలికని చెప్పాను గాని, నిజానికి నాకే ముచ్చటేసింది.

చెన్నమ్మ ఇంటికాడ

ఆ ఊరి పేరు రాయను. మార్కాపురానికీ తర్లుపాడుకూ మధ్య ఎక్కడో అనుకోండి. చెత్త పోసేది ఏ ఊరిదో కూడా రాయను. రాయనని మాట ఇచ్చాను.

అక్కడ చేల గట్ల మీద కంచెలు ముళ్లవి కావు, రాతివి. మనిషి నడుమెత్తున నల్లటి పలకబండల్ని పక్కపక్కన నిలబెట్టి పాతారు. పశువుల కొట్టం కప్పు కూడా బండలే. చెన్నమ్మ ఇల్లు పల్లె మొదట్లోనే. యాభై దాటి ఉంటుంది. గట్టి మనిషి. భర్త హైదరాబాదులో అపార్టుమెంటుకు వాచ్‌మన్, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. సేద్యం, రెండు గేదెలు, బోరు, అన్నీ ఈమె చూసుకుంటుంది. నేను ఎవరో అడక్కుండానే లోపలికి వెళ్లి ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చింది.

నేను చేసిన మొదటి పని ఏమిటంటే, ఆ చెంబులో మీటరు ముంచడం. పెన్నులా ఉండే మీటరు అది, నీళ్లలో ఎంత ఉప్పు కరిగి ఉందో అంకె చూపిస్తుంది. ముప్పై నాలుగేళ్ల అలవాటు, చెయ్యి ఆగలేదు. చెన్నమ్మ మొహం చిన్నబోయింది. ఇంటికొచ్చిన మనిషి నీళ్లను అనుమానించడం ఆమె ఎప్పుడూ చూసి ఉండదు. సిగ్గేసింది నాకు. నేను నీళ్లు పరీక్షించే పనిచేసి రిటైరయ్యానని, ఇక్కడ నీళ్ల సంగతి విని వచ్చానని చెప్పాను. ఎర్ర పెన్ను సంగతి చెప్పలేదు.

అంకె పద్నాలుగువందలు దాటింది. అది కొంచెం ఎక్కువే గాని, ఈ నేలలో పుట్టుకతోనే అంత ఉండే బోర్లు బోలెడు. వాసన మాత్రం నాకు నచ్చలేదు. గ్లాసు మూత పెట్టి కాసేపాగి తీస్తే తెలిసే వాసన.

ఆ బోరు కథ ఇదీ. ఆమె మామ తవ్విన బావి అది. ఎండిపోతే అందులోనే బోరు దించారు. పల్లెలో మిగతా బోర్లన్నీ చవ్వ, ఉప్పు నీళ్లు, ఇదొక్కటే తీపి. అందుకని పల్లెలో ముప్పై ఇళ్లవాళ్లు తాగడానికి ఇక్కడే పట్టుకుంటారు, డబ్బు లేదు. అడిగినవాళ్లకు నీళ్లు లేవని ఈ ఇంటికాడ అనగూడదని మామ పోయేముందు కోడలి దగ్గర మాట తీసుకున్నాడట. కొడుకు దగ్గర కాదు, కోడలి దగ్గర. నీళ్లు పోసే చెయ్యి ఆమెది కదా. ఆమె ఆ మాట ఇరవై ఏళ్లుగా తప్పలేదు. నేనున్న గంటలోనే ఎనిమిది బిందెలు నిండాయి. వచ్చిన ఆడవాళ్లు వాసన గురించి నవ్వుతూనే మాట్లాడుకున్నారు. చెన్నమ్మ నవ్వలేదు. వీళ్ల పిల్లలకేమన్నా అయితే నేను పోసిన నీళ్లే కదా అంది నాతో, మెల్లిగా.

మధ్యాహ్నం గుంత చూడటానికి వెళ్లాం. పాత పలకల క్వారీ. రెండు తాటిచెట్ల లోతుంటుంది. అంచున ట్రాక్టరు నిలబెట్టి వెనక్కి ఎత్తితే చెత్త సరాసరి కిందికి పోతోంది. అడుగున టీ డికాషను రంగు నీళ్లు, వానాకాలం నీళ్లు ఎండలకు కూడా ఇంకలేదట. గుంతకు దగ్గరగా, ఒక చేను అవతల, ఒక రైతు బోరు ఉంది. ఆ నీళ్లలో మీటరు పెట్టాను. ఆరువందలు. వాసన లేదు. గుంతనుంచి చూస్తే చెన్నమ్మ బోరు దానికి రెండింతల దూరం. నాకు తల తిరిగింది. దగ్గరి బోరు బాగుండి దూరపు బోరు చెడిపోవడమేంటి?

మేం ఫొటోలు తీస్తున్నామని ఎవరో చెప్పినట్టున్నారు, గంటలో ఇంజనీరు వచ్చాడు. చెత్త చూసే ఇంజనీరు, ముప్పై ఏళ్లు ఉంటాయేమో. కోపంగా వస్తాడనుకున్నాను. రాలేదు. మేడం మేడం అంటూ ఓపిగ్గా చెప్పాడు. వాళ్లది మార్కాపురమే, తాతలనాటి నుంచి పలకల వ్యాపారం. అందుకే ఈ గుంత ఎంచుకున్నాడట. వేరేచోట అయితే అడుగున నల్ల ప్లాస్టిక్ షీటు పరవాలి, లక్షలు కావాలి. ఇక్కడ అడుగంతా పలక. పలకలో చుక్క ఇంకదని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. పైగా గుంతకు దగ్గరి బోరు నీళ్లు పద్ధతి ప్రకారం పరీక్ష చేయించాడు, బాగున్నాయి. చెన్నమ్మది పాత బావిలో బోరు, ఏ పేడనీళ్లో దిగి ఉంటాయన్నాడు.

నిజం చెప్పాలంటే నాకూ అతని మాటే సబబనిపించింది. నిన్న నా కళ్లతో చూశాను కదా, నలభై రూపాయల పలక మీద నీళ్లు జారిపోవడం.

ఆ సాయంత్రం చెన్నమ్మ సంగటి, చింతచిగురు పప్పు పెట్టింది. అప్పటికి మీరు అనడం మానేసి నువ్వు అంటోంది. మా తెనాలిలో ఇరవై ఏళ్ల పరిచయం తర్వాత కూడా అండీ వదలరు. ఇక్కడ ఒక పూట భోజనం చాలు. తింటుంటే మాటల్లో అంది, ఈ గుంతతో మాకు ఎప్పుడూ తగాదాలేనక్కా, మా మామకూ క్వారీ కేశవులుకూ నీళ్ల కాడ పెద్ద కొట్లాట అని. రాళ్ల క్వారీ వాళ్లతో నీళ్ల తగాదా ఏంటని అడిగాను. నేను కొత్త కోడల్ని, నాకు తెలీదు, మామ పొద్దున్నే కర్ర తీసుకుని గుంతకాడికి పోయేటోడు అంది. కేశవులు ఇంకా ఉన్నాడట, కొమరోలులో కూతురి దగ్గర. ఫోను చేస్తే చెవుడు, ఏమీ వినపడదు.

చేతిలో ముద్ద అట్లాగే ఉంది. తెల్లారి కొమరోలు పోతున్నానని చెప్పాను.

గిద్దలూరు మీదుగా

కంభం వరకు ఒక బస్సు, అక్కడినుంచి గిద్దలూరుకు ఇంకొకటి. కంభం చెరువు బస్సులోంచి కనపడదేమోనని అటూ ఇటూ మెడ తిప్పుతుంటే, కండక్టరు టికెట్టు చిల్లర ఇస్తూ, అది అట్లా కనపడేది కాదమ్మా, దిగి పోవాల అన్నాడు. దిగడానికి తీరిక లేదు. ఇంత దూరం వచ్చి కంభం చెరువు చూడకుండా పోయినదాన్ని నేనే అయ్యుంటాను.

గిద్దలూరులో ఉగ్గాని తిన్నాను. బొరుగులు నానబెట్టి తాలింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీ. మేం బొరుగుల్ని మరమరాలంటాం, మిక్చరులో కలుపుకుంటాం. తడిపి ఉప్మాలా చేసుకోవచ్చని మాకు తట్టలేదు. ప్లేటు ముప్పై రూపాయలు, రెండోది అడిగి తిన్నాను. ఆ సంబరంలో లేచి బస్సెక్కేటప్పుడు సంచి మెట్టుకు కొట్టుకుంది. టక్‌మని శబ్దం. తీసి చూస్తే నా పలక ఒక మూల పగిలింది. నాకు నా మీదే ఒళ్లు మండింది.

కొమరోలులో కేశవులు ఇల్లు దొరకడం కష్టం కాలేదు. పలకల కేశవులు అంటే అందరికీ తెలుసు. డెబ్బై అయిదు దాటినవాడు, సన్నగా, మాట మాటకూ దగ్గు. ఆ దగ్గు రాతిపొడి పెట్టిన దగ్గు, ఆ క్వారీల్లో పనిచేసినవాళ్లకు చాలామందికి ఉందట. చెవిదగ్గర నోరు పెట్టి అరిచి చెప్పాలి. గుంతలో చెత్త పోస్తున్నారని చెబితే బాధపడతాడనుకున్నాను. ఆయన మాత్రం నా సంచిలోంచి పొడుచుకొచ్చిన పలక చూశాడు. ఇట్లా తే అన్నాడు.

పగిలిన ముక్కను తొట్లో నీళ్లలో ముంచి పక్కన పెట్టాడు. మేం టీ తాగాం. తర్వాత కూతుర్ని కూరలు కోసే కత్తి తెమ్మని, ముక్కను అంచు పైకి వచ్చేలా పట్టుకుని, కత్తి మొన ఆ అంచు మీద ఆనించి రెండుసార్లు తట్టాడు. ముక్క నిలువునా రెండు పొరలుగా విడిపోయింది. లోపలి మొహాలు రెండూ తడిగా ఉన్నాయి.

"పలక మొహాన పోస్తే ఇంకదు తల్లీ. అంచున పోయాల," అన్నాడు. "ఎండిన రాయి చీలదు. తడి గోనెలు కప్పి పెట్టేటోళ్లం. నీళ్లు పొరల్లోకి దిగితేనే మాకు పని."

ఆ తడి మొహం వేలితో తాకి చూశాను. ల్యాబులో గడిపిన ముప్పై నాలుగేళ్లలో ఇంత తేలికగా అర్థమైన పరీక్ష ఒక్కటీ లేదు.

తగాదా సంగతి కూడా చెప్పాడు. క్వారీలో ఆ రాయి పడుకుని లేదు, దాదాపు నిలబడి ఉంటుంది, అరలో పుస్తకాలు సర్దినట్టు. పొరల సందుల్లోంచి గుంతలోకి నీళ్లు ఊరేవి. రోజూ పొద్దున్నే ఇంజను పెట్టి తోడితేగాని పనిలోకి దిగలేరు. తోడిన రోజల్లా మధ్యాహ్నానికి చెన్నమ్మ మామ బావిలో నీళ్లు దిగిపోయేవి. ఆయన కర్ర తీసుకుని వచ్చి ఇంజను పైపు మీద కూర్చునేవాడు. దగ్గరున్న వేరే బావి వాళ్లు మాత్రం ఒక్కనాడూ రాలేదు, వాళ్ల బావిలో బెత్తెడు కూడా దిగేది కాదు. ఆఖరికి క్వారీ యజమాని కాలవ తీసి, తోడిన నీళ్లు చెన్నమ్మ మామ చేనుకే మళ్లిస్తే తగాదా సద్దుమణిగింది.

గుంతలోంచి తోడితే ఆ బావి దిగేదంటే, గుంతకూ ఆ బావికీ దారి ఉందన్న మాట. అప్పుడు బావి నీళ్లు గుంతకు వచ్చేవి. ఇప్పుడు తోడేవాళ్లు లేరు, గుంత నిండా నీళ్లు నిలిచి ఉన్నాయి, కిందనుంచి బోరు లాగుతోంది. నీళ్లు అదే దారిన వెనక్కి పోతున్నాయి. నేను ఇదంతా పెద్దాయన చెవిలో అరిచి చెబితే, ఇందులో చెప్పేదేముంది అన్నట్టు చూశాడు. రేపు వస్తానన్నాడు. కూతురు వద్దంది. ఆ గుంత కోసింది నేను, నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు అన్నాడు.

మళ్లీ గుంతకాడ

నాలుగో రోజు పొద్దున్నే కూతురే తండ్రిని తీసుకొచ్చింది. ఇంజనీరుకు నేను ఫోను చేస్తే, ఏదో పనుందంటూనే వచ్చాడు. అతని మొహంలో విసుగు కనపడింది. నేనైనా అట్లాగే విసుక్కునేదాన్ని, చెవిటి ముసలాయన వచ్చి లెక్క తప్పంటే.

కేశవులు గుంత అంచున ఒకచోట ఆగి, గోడలోకి వేలు చూపించాడు. నల్లరాతిలో జానెడు వెడల్పున తుప్పురంగు చార, నిలువుగా దిగిపోయింది. మేం నీళ్ల పొర అనేటోళ్లం దీన్ని అన్నాడు. తర్వాత వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు. చేల మధ్య అక్కడక్కడ రాయి పైకి తేలినచోట అదే తుప్పు చార. దగ్గుకు ఆగుతూ, కర్ర ఆనిస్తూ, ఒక్క గీత మీద నడిచాడు. దగ్గరి రైతు బోరు పక్కకు ఉండిపోయింది, ఆ గీత అటు పోనే లేదు. గీత రెండు చేలు దాటి, చెన్నమ్మ కొట్టం కిందుగా పోయి, బోరు పైపు దగ్గర ఆగింది. కేశవులు అక్కడ కూలబడ్డాడు.

"నువ్వు అడుగులు కొలిచినావు నాయనా," అన్నాడు ఇంజనీరుతో. "రాయి ఎటు పోతాందో చూడలా."

ఇంజనీరు వెనక్కి తిరిగి గుంత వైపు చూశాడు. తాతలనాటి నుంచి పలకలు అమ్మిన ఇంటివాడు. అమ్మినవాళ్లకు తెలిసేది పలక మొహం, కోసినవాళ్లకు తెలిసేది అంచు. నేను అనుకున్నానే గాని పైకి అనలేదు. ఆ కుర్రాడి చెవులు అప్పటికే ఎర్రబడ్డాయి. చివరికి, పెద్దాయనా ఇంకోసారి చూపిస్తావా, వీడియో తీసుకుంటా అన్నాడు. నాకు అతని మీద గౌరవం కలిగింది.

నేను సీసాలు బయటికి తీశాను. గుంతలో ఒకటి, దగ్గరి బోరులో ఒకటి, చెన్నమ్మ బోరులో ఒకటి. మూడోది చెన్నమ్మ చేతే పట్టించాను. ముందు మోటారు పావుగంట నడవనివ్వాలి. సీసాను అవే నీళ్లతో మూడుసార్లు తొలవాలి. గాలి లేకుండా నింపాలి. ఐసుపెట్టెలో పెట్టాలి. ఆమె ప్రతిదీ శ్రద్ధగా చేసింది. మూత బిగించాక చీటీ మీద పేరు రాస్తూ అంది, మేమూ రెండుసార్లు పంపించినామక్కా, ఎవురో వెనక్కి పంపినారు, ఎందుకో కూడా తెలీలా అని.

దాచడానికి మనసొప్పలేదు. ఆ ఎవురో నేనే అని చెప్పాను.

చెన్నమ్మ చీటీ మీదనుంచి తలెత్తలేదు. రాసేది పూర్తి చేసి, సీసాకు అతికించి, ఐసులో పెట్టింది.

"రెండేండ్లక్కా," అంది. "రెండేండ్లు వాళ్లందరికీ ఈ నీళ్లే పోసినా."

తిట్టినా బాగుండేది. నేను నా పద్ధతి గురించి చెప్పబోయి మానేశాను. తప్పు చేశానని ఆ క్షణంలో పూర్తిగా ఒప్పుకున్నాను, నాలో నేనే. తెనాలినుంచి మోసుకొచ్చిన వాదనలన్నీ ఆ బోరు గట్టు మీదే వదిలేశాను.

సాయంత్రం బిందెలతో ఆడవాళ్లు వచ్చారు. ఫలితాలు రావాలి, వారం పడుతుంది, అప్పటిదాకా ఆగమని నేనే చెబుదామనుకున్నాను. చెన్నమ్మ నన్ను పక్కకు తప్పించి, కుళాయికి అడ్డంగా నిలబడింది. తాగేదానికి ఈ నీళ్లు ఇయ్యను, గిన్నెలు కడుక్కోవడానికైతే పట్టుకోండి అంది. మొదట వాళ్లు నవ్వారు. తర్వాత ఒకావిడ, నీళ్ల ప్లాంటు పెట్టి అమ్ముకుందామనా అంది. ఇంకొకామె మామ పేరెత్తి, ఆ మహానుభావుడు బతికుంటే ఇట్ల చేసేదానివా అంది. ఆ మాట చెన్నమ్మకు తగిలింది, మొహంలో కనపడింది. అయినా కదల్లేదు. చీకటిపడేలోపు అందరూ ఖాళీ బిందెలతో వెళ్లిపోయారు.

తిరుగు రైలు

పొద్దున్నే బయల్దేరాను. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. సంచి భుజాన వేసుకుని, అరుగు మీద ఉన్న ఇత్తడి చెంబు చూసి అలవాటుగా చెయ్యి చాపాను. నాలుగు రోజుల్లో నాకూ వాళ్ల అలవాటు పట్టింది, ఇల్లు దాటేముందు గుక్కెడు నీళ్లు తాగడం. చెన్నమ్మ చెంబు వెనక్కి లాక్కుంది.

"ఇయ్యనక్కా," అంది. "ఈ ఇంటికాడ నీళ్లడిగి లేదనిపించుకున్న సుట్టానివి నువ్వే మొదలు."

నవ్వుతూనే అంది. కళ్లు మాత్రం నిండాయి. తర్వాత ఇంట్లోంచి ఒక సీలు సీసా తెచ్చి నా సంచిలో పెట్టింది. పొద్దున్నే అంగడికి పోయి కొనుక్కొచ్చిందట, ఇరవై రూపాయలు. ఆ ఇంట్లో నీళ్లు కొనడం అదే మొదటిసారి. దారిలో గొంతు ఎండిపోయినా దాని మూత తీయబుద్ధి కాలేదు. తెనాలిదాకా అట్లాగే తెచ్చాను.

నా దగ్గర పని నేర్చుకుని ల్యాబులో చేరిన అమ్మాయిచేత పరీక్ష చేయిస్తే, ఫలితాలు అనుకున్నట్టే వచ్చాయి. గుంత అడుగు నీళ్లలో ఉన్న అమ్మోనియా, ఉప్పు, చెన్నమ్మ బోరులోనూ పలచగా ఉన్నాయి. దగ్గరి బోరులో లేవు. ఫలితాల కాగితానికి నా ఉత్తరం జతచేసి, మొదటిసారి పద్ధతి కంటే ఎక్కువ రాశాను. ఈ నీళ్లు తాగరాదు, గుంతలో నీళ్లు తోడి శుద్ధి చేయాలి, చెత్త ఆపాలి అని. ఆ ఇంజనీరు ఆ కాగితంతో పాటు కేశవులు నడిచిన వీడియో కూడా పైవాళ్లకు చూపించాడట. వానలకు ముందే గుంత చుట్టూ మట్టికట్ట పోశారు, బయటి నీళ్లు లోపలికి రాకుండా. ట్రాక్టర్లు వేరే చోటికి పోతున్నాయి, అక్కడ నల్ల షీటు పరుస్తున్నారట. గుంతలో నీళ్లు ట్యాంకర్లతో తోడుతున్నారు, నిదానంగా. పల్లెకు రోజూ ట్యాంకరు నీళ్లు వస్తున్నాయి. వీటిలో ఎన్ని నిలబడతాయో నాకు తెలియదు. కేశవులు ఆ వానల్లోనే పోయాడని కూతురు ఫోను చేసింది. నా పగిలిన పలక ఇప్పటికీ షోకేసులో ఉంది, చీల్చిన రెండు పొరలతో సహా.

నెలకోసారి చెన్నమ్మ నుంచి ఒక సీసా వస్తుంది, బస్సు పార్సిలులో, ఐసు కరిగి చుట్టూ తడిసి. చీటీ మీద తారీఖు, టైము, మోటారు ఎంతసేపు నడిచిందీ అన్నీ రాస్తుంది. పరీక్ష ఆ అమ్మాయిచేతే చేయిస్తాను. అంకె కొంచెం కొంచెం దిగుతోంది. ఫోనులో ఆమె అడిగేది ఒక్కటే, మంచిగైనాయా అని. మంచిగయిన రోజు చెప్పక్కా, మొదటి చెంబు నువ్వే వచ్చి తాగాల, ఆ తర్వాతే పల్లెకు పోస్తా అంటుంది.

నేనింకా ఆ మాట చెప్పలేదు.